ఢిల్లీ మాట, ఓరుగల్లు లెక్క: అధికార పంపకాల్లో వింతలు విశేషాలు

ఓరుగల్లు విశేషాలంటే కీర్తి తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్పలో నీళ్ళమీద తేలే ఇటుకలు గుర్తొస్తాయి. ఈసారి వాటి పక్కనే ఉండి పెద్దగా ఎవరి కంటా పడని మరో రకం విశేషాలు ఏరాం. పైన ఒక సర్కారు, కింద ఒక సర్కారు ఉన్నప్పుడు ఎవరి వాటా ఎంత అన్న తగువు ఈ నేల మీద ఎనిమిది వందల ఏళ్ళకు పైగా నడుస్తోంది. ఇక్కడ సామంతుడు చక్రవర్తి అయ్యాడు. రాజ్యం పోయినా రాజుగారి ఫర్మానా కోర్టులో గెలిచింది. ఎనిమిది మంది పెద్దలు సంతకం పెట్టిన కాగితం నిలవలేదు. పంచుకుంటామన్న మాటకు కాపలా ఎవరన్నది ఈ విశేషాలన్నిటి వెనకా ఉన్న ప్రశ్న.

పై ప్రభువు పేరు లేని శాసనం

వేయిస్తంభాల గుడిలోని శాసనం శక సంవత్సరం 1084 నాటిది, అంటే క్రీ.శ. 1163. అంతవరకూ కాకతీయులు కల్యాణి చాళుక్యుల సామంతులు. సామంతుడు శాసనం వేయిస్తే ముందు పై ప్రభువును పొగిడి, ఆయన పాదసేవకుణ్ణని చెప్పుకున్నాకే తన గొప్ప చెప్పుకోవాలి. అచింతేంద్రుడు సంస్కృతంలో కూర్చిన ఈ శాసనంలో రుద్రదేవుడు ఎవరెవర్ని ఓడించాడో వరసగా ఉంది గానీ, తాను ఫలానా చక్రవర్తికి లోబడినవాణ్ణన్న మాట లేదు. చరిత్రకారులు దీన్నే కాకతీయుల స్వాతంత్ర్య ప్రకటనగా లెక్కిస్తారు. యుద్ధ ప్రకటన గానీ, తెగతెంపుల లేఖ గానీ అక్కర్లేకుండా, రాయాల్సిన ఒక్క పేరు రాయకపోవడంతోనే పని జరిగిపోయింది.

డెబ్భై ఏడు బురుజులు

సామంతులుగా ఉండి పైకొచ్చినవాళ్ళకు కిందివాళ్ళు ఏం చేయగలరో తెలియకుండా ఉండదు. అందుకే కాకతీయులు నాయంకర పద్ధతిని పెంచారు. నాయకుడికి కొన్ని ఊళ్ళ ఆదాయం ఇస్తారు, బదులుగా అతను సైన్యాన్ని పోషించి పిలిచినప్పుడు తేవాలి. పుట్టుకతో దొరలు కానివాళ్ళకు కూడా రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఈ నాయంకరాలిచ్చారు. ఓరుగల్లు కోటకు డెబ్భై ఏడు బురుజులనీ, ఒక్కో బురుజు కాపలా ఒక్కో నాయకుడిదనీ జనంలో ఉన్న మాట. రాజధాని గోడనే వాటాలు వేసి అప్పగించారన్నమాట. కేంద్రం బతకాలంటే ప్రాంతాలన్నీ తమ తమ చోట నిలబడాలి.

ఆ పంపకం ఎంత పని చేసిందో చూడాలంటే రామప్పకు వెళ్ళాలి. తెలుగు రాష్ట్రాల నుంచి ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన తొలి కట్టడం అదే, 2021 జూలై 25న. దాన్ని కట్టించింది చక్రవర్తి కాదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో తన ఏలుబడిలోని పాలంపేటలో కట్టించాడు. నమ్మి అప్పగిస్తే ఒక సేనాని ఏం చేయగలడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చెడిన సందర్భం కూడా ఉంది. కాయస్థ అంబదేవుడు అదే వ్యవస్థలో ఎదిగి రుద్రమదేవి మీదే తిరగబడ్డాడు. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే భటుడు వేయించిన 1289 నాటి శాసనం ఆమె మరణాన్ని నమోదు చేసింది. అంబదేవుడితో పోరులోనే ఆమె పడిపోయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మహారాణి మరణానికి మనకున్న ఆధారం ఒక మామూలు భటుడి రాయి కావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

1323లో కోట పడిపోయింది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. రాజు పోయినా నాయకులు పోలేదు. పదిహేనేళ్ళు తిరగకముందే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును మళ్ళీ గెలిచాడు. ఆయన్ను డెబ్భై అయిదు మంది నాయకులు కొలిచారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతుంది. అధికారమంతా ఒక్క కోటలోనే ఉండి ఉంటే, కోటతోపాటే ముగిసిపోయేది.

ఒక రాజ్యం, మూడు ముక్కలు, మూడు హామీలు

హనుమకొండలో సుబేదారి అంటే తెలియనివాళ్ళుండరు. నిజాం రాజ్యంలోని సుబాల్లో వరంగల్ ఒకటి, సుబేదారు కచేరీ ఇక్కడే ఉండేది. ఆ హైదరాబాద్ రాజ్యానికి ఒక రికార్డుంది. బ్రిటిష్ వాళ్ళ కింద వందల సంస్థానాలున్నా సొంత కరెన్సీ నోట్లు అచ్చేసుకునే వీలు దానికి ఒక్కదానికే దొరికింది, అదీ 1918 నుంచి. రైలు, తపాలా కూడా సొంతమే. బయటి దేశాలతో వ్యవహారం మాత్రం రెసిడెన్సీ చేతిలో ఉండేది.

ఆ రాజ్యాన్ని 1956లో మూడు రాష్ట్రాలకు పంచారు. రాజ్యాంగం తిరగేస్తే ఒక వింత కనిపిస్తుంది. మరాఠ్వాడాకు 371(2), తెలంగాణకు మొదట 371(1), తర్వాత 371-డి, హైదరాబాద్-కర్ణాటక జిల్లాలకు 2012లో పార్లమెంటు ఆమోదించిన 371-జె. ఏ ముక్క ఏ రాష్ట్రంలో కలిసినా, కలిసినచోట తన వాటాకు విడిగా రాజ్యాంగ రక్షణ కావాల్సివచ్చింది. ఒక్క సంస్థానపు మూడు ముక్కలూ ఇలా ప్రత్యేక అధికరణాల కిందికి రావడం యాదృచ్ఛికం అనుకోలేం.

రాజ్యం పోయినా చావని ఫర్మానా

స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధనకు నిజాం 1919లో ఫర్మానా ఇచ్చాడు. పదిహేనేళ్ళు వరసగా ఇక్కడ ఉన్నవాడే ముల్కీ. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి తొలి ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆ ఏడాదే బడిపంతుళ్ళ నియామకాల్లో నాన్‌ముల్కీలకు ఉద్యోగాలు పోతున్నాయని వరంగల్ విద్యార్థులు రోడ్డెక్కారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లన్న మాట అప్పుడే ఊరూరా పాకింది. ఉద్యమం ఇక్కడ పుట్టి హైదరాబాద్ చేరింది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో అక్కడ కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. అప్పుడు ఇక్కడ చదువుకుంటూ ఆ ఉద్యమంలో పాల్గొన్న ఒక విద్యార్థి ఆ తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి, తెలంగాణ వాదానికి లెక్కలు చెప్పిన గురువు అయ్యాడు. ఆయనే ఆత్మకూరు మండలం అక్కంపేట కొత్తపల్లి జయశంకర్.

ఆ ఫర్మానా ఆయుష్షు మాత్రం ఇంకా వింత. నిజాం పాలన 1948లో పోయింది. హైదరాబాద్ రాష్ట్రం 1956లో పోయింది. ముల్కీ నిబంధనలు ఇంకా చెల్లుతాయని సుప్రీంకోర్టు 1972 అక్టోబర్ 3న తీర్పిచ్చింది. ఇచ్చిన రాజు లేడు, వర్తించే రాష్ట్రం లేదు, అయినా యాభై మూడేళ్ళ తర్వాత ఫర్మానా గెలిచింది.

ఫిబ్రవరి 20

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు బూర్గుల, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. 2014లో అదే ఫిబ్రవరి 20న రాజ్యసభ రాష్ట్ర విభజన బిల్లును ఆమోదించింది. కలిపిన ఒప్పందానికీ విడదీసిన బిల్లుకూ మధ్య సరిగ్గా యాభై ఎనిమిదేళ్ళు, తేదీ కూడా మారలేదు.

ఆ ఒప్పందంలో ఒక షరతుంది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేకుండా పోయింది. ఉత్తర ఐర్లాండ్‌లో 1998 ఒప్పందం ప్రకారం ఇలాంటి షరతే ఉంది, కానీ చట్టంలో ఉంది. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ ఇద్దరికీ సమాన అధికారం, ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. అందువల్ల అక్కడి ప్రభుత్వం 2017 నుంచి మూడేళ్ళు, 2022 నుంచి మరో రెండేళ్ళు మూతపడింది. పాలన ఆగిపోయింది నిజమే, కానీ ఎవరి వాటానూ ఎవరూ మింగలేకపోయారు. మనదగ్గర పాలన ఆగలేదు, వాటా పోయింది. రెండిట్లో ఏది పెద్ద నష్టమో 1969 తెలంగాణ ఉద్యమంలో రోడ్డెక్కిన పిల్లల తల్లిదండ్రుల్ని అడగాలి.

ఒప్పందం ప్రకారం తెలంగాణ ప్రాంతీయ సంఘం మాత్రం వచ్చింది. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడిన ఈ సంఘం ఒక రాష్ట్ర శాసనసభ కడుపులో చిన్న శాసనసభ లాంటిది. తెలంగాణ ఎమ్మెల్యేలే సభ్యులు. స్థానిక పాలన, వ్యవసాయం, బడి చదువులు, వ్యవసాయ భూముల అమ్మకం దాని పరిధి. సంఘానికీ మంత్రివర్గానికీ పొత్తు కుదరకపోతే గవర్నర్ మాటే తుది తీర్పు. దేశంలో అప్పట్లో ఇలాంటివి ఆంధ్రప్రదేశ్‌లోనూ పంజాబ్‌లోనూ మాత్రమే ఉండేవి. హనుమకొండ నాయకుడు హయగ్రీవాచారి ఒక దశలో దీనికి అధ్యక్షుడు. 1973 నాటి ఆరు సూత్రాల పథకం వచ్చాక ప్రాంతీయ సంఘం రద్దయింది, దాని చోట 371-డి వచ్చింది. అప్పుడే జోన్లు, స్థానికత అన్న మాటలు నిరుద్యోగుల నోళ్ళలో స్థిరపడ్డాయి. ఇవాళ వరంగల్, హనుమకొండ అభ్యర్థులు 2018 ఉత్తర్వుల ప్రకారం భద్రాద్రి జోన్‌లో ఉన్నారు.

పెద్దమనుషుల మాటను నమ్ముకున్నది మనమే కాదు. స్కాట్లండ్ చేతిలో ఉన్న విషయాల్లో ఆ పార్లమెంటు సమ్మతి లేకుండా లండన్ మామూలుగా చట్టం చేయదన్నది సంప్రదాయం. 2016లో దాన్ని చట్టంలో కూడా రాశారు. అయినా దాన్ని న్యాయస్థానంలో అమలు చేయించలేమని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017 జనవరిలో తేల్చింది. మన రాజ్యాంగంలో ఆ ఊరట కూడా లేదు. మూడో అధికరణం కింద రాష్ట్రం అభిప్రాయం అడగాలి గానీ ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును తిప్పి పంపినా, నెల తిరగకముందే పార్లమెంటు దాన్ని గెలిపించింది. ఏ అధికారం తెలంగాణ ఇచ్చిందో, రేపు ఏ రాష్ట్రం సరిహద్దునైనా మార్చగలిగేదీ అదే అధికారం. తెలంగాణ కోరుకున్నవాణ్ణి కాబట్టే ఈ మాట దాచకుండా చెబుతున్నాను.

రెండు చివరలూ చూసిన లక్నేపల్లి మనిషి

కేంద్ర రాష్ట్ర సంబంధాల్లో రెండు చివరలూ ఒక్కడే చూశాడని చెప్పాలంటే పాములపర్తి వెంకట నరసింహారావు పేరు చెప్పాలి. 1921 జూన్ 28న నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టాడు, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న వంగరలో పెరిగాడు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాడు. ముల్కీ తీర్పు తర్వాత జై ఆంధ్ర ఉద్యమం లేచింది, 1973 జనవరిలో పదవి పోయింది, రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అంటే వరంగల్ పిల్లలు 1952లో పట్టుకున్న ముల్కీ తీగ లాగితే, ఇరవై ఏళ్ళకు వరంగల్ జిల్లాలో పుట్టిన ముఖ్యమంత్రి గద్దె కదిలింది.

తర్వాత హనుమకొండ నుంచి 1977లో, 1980లో లోక్‌సభకు వెళ్ళాడు. 1984 ఎన్నికల్లో ఇక్కడ ఓడిపోయాడు. ఆ ఓటమి ఒక జాతీయ విశేషం. దేశమంతా కాంగ్రెస్ గాలి వీచి నాలుగు వందల పైచిలుకు సీట్లు వచ్చిన ఆ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి దక్కినవి రెండే. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది హనుమకొండ. తెలుగుదేశం మద్దతుతో చందుపట్ల జంగారెడ్డి గెలిచాడు. అదే ఎన్నికల్లో తెలుగుదేశం ముప్పై సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం అయింది, ఒక ప్రాంతీయ పార్టీకి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ఆ గాలికి ఎదురు నిలవడానికి కారణం ఎక్కడో లేదు. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ కూలదోశాడు. జనం ఊరుకోలేదు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ గద్దెనెక్కాడు. నెల రోజుల్లో ఒక గవర్నర్ పోయాడు, ఒక ముఖ్యమంత్రి వచ్చి పోయాడు, పాత ముఖ్యమంత్రి తిరిగొచ్చాడు.

పీవీ 1991లో ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచాడు. అప్పటికి అది రికార్డు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ అభ్యర్థినే నిలపలేదు. ఢిల్లీ మీద అంతగా పోరాడిన పార్టీ ఢిల్లీ ప్రధాని కోసం బరి వదిలిన సందర్భం అది.

1992 డిసెంబర్ నెల ఒక్కటే తీసుకోండి. బాబ్రీ మసీదు కూలిన తర్వాత 15వ తేదీన మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రభుత్వాలను పీవీ ప్రభుత్వం రద్దు చేసింది. వారం తిరిగేసరికి 22, 23 తేదీల్లో పంచాయతీలకూ పట్టణాలకూ రాజ్యాంగ హోదా ఇచ్చే 73, 74వ సవరణలు పార్లమెంటు దాటాయి. కేంద్రం రాష్ట్రాల మీద పెద్ద కత్తి వాడిందీ, పల్లెకు అధికారం రాసిచ్చిందీ ఒకే నెలలో, ఒకే ప్రధాని చేతి మీదుగా. ఆ కత్తికి ఒర తొడిగింది మాత్రం సుప్రీంకోర్టు. 1994 మార్చి 11న బొమ్మై కేసులో ఆ మూడు రద్దులనూ సమర్థిస్తూనే, ఇకమీదట మెజారిటీ తేల్చేది సభలోనే గానీ రాజ్‌భవన్‌లో కాదని చెప్పింది. రాష్ట్రపతి పాలన అంతకుముందు పెట్టినంత తేలిగ్గా ఆ తర్వాత పెట్టలేకపోయారు.

పంచాయతీ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. ఇవ్వాల్సింది రాష్ట్రాలు. తెలంగాణ గ్రామ పంచాయతీలు 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారుల పాలనలోకి వెళ్ళాయి. గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలన్నది రాజ్యాంగం మాట. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయి. ఢిల్లీ మన వాటా ఇవ్వడంలేదని అరిచే హక్కు రాష్ట్రానికి ఉంది. అదే అరుపు లక్నేపల్లి సర్పంచ్ రాష్ట్రం మీద అరిస్తే వినే చెవి కూడా ఉండాలి.

చిన్నవాటిలో చిన్నవి

వరంగల్ నగర జనాభా 2011 నాటికే లక్షల్లో ఉంది. కరీబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ నెవిస్ దేశ జనాభా యాభై వేల దగ్గర. ప్రపంచంలో అతి చిన్న సమాఖ్య అదే. నెవిస్ దీవికి సొంత శాసనసభ ఉంది, సెయింట్ కిట్స్‌కు లేదు! విడిపోయే హక్కు రాజ్యాంగంలోనే రాసుకున్నారు, మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. 1998లో 62 శాతమే వచ్చాయి, ఇప్పటికీ కలిసే ఉన్నారు.

స్విట్జర్లాండ్‌లో అపెన్‌జెల్ ఇనర్‌రోడెన్ అనే కాంటన్ ఉంది, పదహారు వేల జనం. ఏడాదికోసారి మైదానంలో చేరి చేతులెత్తి ఓటేస్తారు. ఆడవాళ్ళకు ఆ ఓటు ఇవ్వడానికి 1990లో కూడా మగవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ నవంబర్‌లో ఫెడరల్ కోర్టు ఇప్పించింది. ప్రాంతం మాటే ఎప్పుడూ న్యాయం అనుకునేవాళ్ళకు ఇది గుర్తుండాలి.

బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత 541 రోజులు పూర్తిస్థాయి కేంద్ర ప్రభుత్వం లేదు. ప్రాంతీయ ప్రభుత్వాలుండటంతో బడులు, బస్సులు, ఆస్పత్రులు నడిచాయి.

పైసల లెక్క

కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా ఒక్కసారిగా 32 నుంచి 42 శాతానికి పెరగడం ఆర్థిక సంఘాల చరిత్రలోనే అతిపెద్ద గెంతు. అది చేసిన పద్నాలుగో ఆర్థిక సంఘం అధ్యక్షుడు తెలుగువాడు, యాగా వేణుగోపాల్ రెడ్డి. అంతకుముందు ఆరో సంఘానికి అధ్యక్షుడు కూడా తెలుగువాడే, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. పదిహేనో సంఘం లెక్కలో అది 41 శాతం, అందులో తెలంగాణ వాటా 2.102 శాతం. సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ మూటలోకే రావు. అవి పూర్తిగా కేంద్రానివి. వాటా శాతం పెద్దగా కనిపించినా చేతికొచ్చేది తగ్గడానికి ఇదొక దారి.

జీఎస్టీ కౌన్సిల్‌లో తెలంగాణ ఓటూ ఉత్తరప్రదేశ్ ఓటూ సమానం. కానీ కేంద్రానిది మూడో వంతు, తీర్మానం గెలవాలంటే నాలుగింట మూడొంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం వద్దంటే ఆగుతుంది. 2019 డిసెంబర్ దాకా అక్కడ ఓటింగే జరగలేదు. మొదటిసారి ఓట్లు వేసింది లాటరీ పన్ను మీద.

ఆరు జిల్లాలైన ఒక జిల్లా

2016 అక్టోబర్ 11న, ఆ తర్వాత 2019లో జరిగిన విభజనలతో పాత వరంగల్ జిల్లా ఆరు జిల్లాలైంది: హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు. నగరం మాత్రం రెండు జిల్లాల్లో పడింది. మేయర్ ఒక్కరే, కలెక్టర్లు ఇద్దరు.

పదమూడో షెడ్యూలు

విభజన చట్టం పదమూడో షెడ్యూలులో తెలంగాణకు రైల్వే కోచ్ ఫ్యాక్టరీ సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. కాజీపేట వాళ్ళు అది తమదేననుకున్నారు. ఎనభైల్లో తమకు రావాల్సిన ఫ్యాక్టరీ కపూర్తలాకు తరలిపోయిందన్న బాధ వాళ్ళది. చివరికి 2023 జూలై 8న ప్రధాని మోదీ ఓరుగల్లుకు వచ్చి శంకుస్థాపన చేసింది వ్యాగన్ల తయారీ యూనిట్‌కు. ఆరు నెలల మాట తొమ్మిదేళ్ళకు, అదీ రూపం మారి వచ్చింది.

అదే షెడ్యూలులోని గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం దొరికింది. చోటు ములుగు, పేరు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. మేడారం కథ తెలిసినవాళ్ళకు ఈ పేరులోని విశేషం చెప్పక్కర్లేదు. కరువొచ్చి పంటలు పోయి కాకతీయులకు కప్పం కట్టలేకపోయాడు కోయదొర పగిడిద్దరాజు. ఓరుగల్లు సైన్యం మేడారం మీదికొచ్చింది. ఆయన కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు, భార్య సమ్మక్క చివరిదాకా పోరాడి చిలకలగుట్ట వైపు వెళ్ళిపోయింది. రాజధానికి పన్ను కట్టలేమని నిలబడ్డ ఆ తల్లీకూతుళ్ళు సమ్మక్క, సారక్కల పేరు మీద ఇప్పుడు దేశ రాజధాని తన ఖజానా నుంచి డబ్బు పంపాలి.